ఆ గంటసేపు డబ్బు ఎక్కడుంది?

ప్రశ్న: నేను రిటైరైన హైస్కూలు మాస్టార్ని. నూజివీడు దగ్గర మా ఊరు. మా అమ్మాయి హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కుంటోంది. నా వంతుగా మూడున్నర లక్షలు పోయిన శనివారం రాత్రి ఫోన్లోంచి నెఫ్ట్ చేశాను. 9.05కి నా ఖాతాలో డబ్బు తగ్గినట్టు మెసేజ్ వచ్చింది. అమ్మాయికి మాత్రం పది దాటాక గానీ పడలేదు. ఆ గంటసేపు నేనూ మా ఆవిడా అన్నం ముట్టలేదంటే నమ్మండి. మా మనవడు టీకొట్టులో పదిహేను రూపాయలు ఫోన్లో కొడితే మూడు సెకన్లలో అక్కడి డబ్బా అరుస్తుంది. నా మూడున్నర లక్షలకి గంట ఎందుకు పట్టింది? ఆ గంటసేపు డబ్బు ఎక్కడుంది? ఇంకో సంగతి. తర్వాత చూసుకుంటే అమ్మాయి పేరుకి అత్తవారి ఇంటిపేరు తగిలించాను. ఖాతా ఏమో పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. అయినా వెళ్ళిపోయింది. మంచికే అనుకోండి, కానీ అప్పట్నుంచీ టెన్షన్ ఇంకా ఎక్కువైంది. వచ్చే నెల బిల్డరుకి 8 లక్షలు కట్టాలి. ఎలా పంపమంటారు? మా అక్కయ్యకి కొంత పంపుదామని ఆవిడ పాత ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కు చూసి కొడితే కోడ్ తప్పంటోంది. అదేమిటో కూడా చెప్పండి.

జవాబు: మాస్టారూ, బ్యాంకు కౌంటరు వెనక ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చున్నవాణ్ని. డబ్బు ఎప్పుడు పడుతుందని అడిగినవాళ్ళని వేలమందిని చూశాను. ఎక్కడుందని అడిగినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మీ మిగతా ప్రశ్నల జవాబులు కూడా ఆ ఒక్కదాని వెనకే ఉన్నాయి కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

మనియార్డరు గుర్తుందిగా? మీరు బయటూళ్ళో చదువుకునే రోజుల్లో మీ నాన్నగారు పోస్టాఫీసులో యాభై రూపాయలు కడితే, నాలుగు రోజులకి పోస్ట్‌మాన్ వచ్చి మీ చేతిలో యాభై పెట్టేవాడు. నాన్నగారు కట్టిన ఆ నోట్లే రైలెక్కి వచ్చాయా? లేదు. అవి అక్కడి గల్లాపెట్టెలోనే ఉండిపోయాయి. ప్రయాణం చేసింది ఫారం ఒక్కటే. దాన్ని చూసి మీరున్న ఊరి పోస్టుమాస్టరు తన గల్లాపెట్టెలోంచి యాభై తీసి పంపాడు. ఆ రెండు ఆఫీసుల లెక్క తర్వాత పైవాళ్ళు సరిచేసుకున్నారు. బ్యాంకుల్లో జరిగేదీ అంతే. డబ్బు కదలదు, కబురు కదులుతుంది.

అయితే పోస్టాఫీసులన్నీ ఒకే శాఖవి. మీ బ్యాంకూ మీ అమ్మాయి బ్యాంకూ వేరే వేరే. మీ బ్యాంకు చెప్పిందని ఆ బ్యాంకు తన చేతి డబ్బు మూడున్నర లక్షలు ఎందుకిస్తుంది? ఇస్తే దానికి తిరిగి ఎవరిస్తారు? అందుకే ఇద్దరికీ నమ్మకమైన మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తి రిజర్వ్ బ్యాంకు. మనకి మన బ్యాంకులో ఖాతా ఉన్నట్టే బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకులో ఖాతాలు ఉంటాయి. మీరు పంపిన మొత్తానికి మూడు పుస్తకాల్లో పద్దులు పడాలి: మీ బ్యాంకు పుస్తకంలో మీకు తగ్గాలి, రిజర్వ్ బ్యాంకు పుస్తకంలో మీ బ్యాంకుకి తగ్గి ఆ బ్యాంకుకి పెరగాలి, ఆ బ్యాంకు పుస్తకంలో మీ అమ్మాయికి పెరగాలి. నెఫ్ట్, ఆర్టీజీఎస్, ఐఎంపీఎస్, యూపీఐ అని పేర్లెన్ని ఉన్నా అన్నిటిలోనూ ఇవే పద్దులు. ఏది ముందు రాస్తారు, ఏది తర్వాత రాస్తారు, అందులోనే తేడా.

ఇప్పుడు మీ శనివారం రాత్రికి వద్దాం. 9.05కి మీరు బటన్ నొక్కారు. మీ బ్యాంకు మొట్టమొదట చేసిన పని మీ ఖాతాలో మూడున్నర లక్షలు తగ్గించడం. అలా తగ్గించకపోతే అదే డబ్బు మీరు పక్క నిమిషంలో ఇంకొకరికి పంపేయొచ్చు కదా. అందుకే మీకు మెసేజ్ వెంటనే వచ్చింది. తర్వాత ఒక కబురు తయారుచేసింది: ఫలానా ఖాతా నుంచి, ఫలానా శాఖలోని ఫలానా నెంబరుకి, ఇంత. అది రిజర్వ్ బ్యాంకు నడిపే నెఫ్ట్ క్లియరింగ్ కేంద్రానికి వెళ్ళింది. అక్కడ వచ్చిన కబురు వచ్చినట్టు చూడరు. అరగంటకొకసారి అన్నిటినీ ఒక కట్ట కడతారు. బ్యాచ్ అంటారు దాన్ని. రోజుకి 48 బ్యాచ్‌లు. మీది 9.30 కట్టలో పడి ఉంటుంది. అంటే మొదటి పాతిక నిమిషాలూ మీ కబురు బస్టాండులో కూర్చుంది.

కట్ట కట్టాక ఏం చేస్తారో చూస్తే మన పల్లెటూరి వ్యాపారం గుర్తొస్తుంది. కిరాణా కొట్టాయన బట్టల కొట్టాయనకి వెయ్యి ఇవ్వాలి. బట్టల కొట్టాయన ఈయనకి తొమ్మిది వందలు ఇవ్వాలి. ఇద్దరూ నోట్లు తెచ్చి ఒకరికొకరు లెక్కపెట్టి ఇచ్చుకుంటారా? తొమ్మిది వందల దాకా చెల్లుకు చెల్లు అనుకుని, వంద కాయితం ఒకటి చేతిలో పెడతారు. రిజర్వ్ బ్యాంకు కూడా ఆ అరగంటలో ఏ బ్యాంకు ఎంతివ్వాలో, దానికి ఎంత రావాలో తీసివేసి, మిగిలిన తేడా మాత్రమే ఖాతాల్లో సర్దుతుంది. ఆ సర్దుబాటు అయ్యాక కబుర్లు విడగొట్టి ఎవరివి వారికి పంపుతుంది. అప్పుడు మీ అమ్మాయి బ్యాంకు ఆ అమ్మాయి ఖాతాలో జమ వేస్తుంది. ఈ చివరి పనికి ఆ బ్యాంకుకి రెండు గంటల గడువుంది. ఆ లోపల జమ అయినా వేయాలి, వేయలేకపోతే వెనక్కైనా పంపాలి.

కాబట్టి మీ ప్రశ్నకి సూటి జవాబు ఇది. 9.05 నుంచి బ్యాచ్ సర్దుబాటు అయ్యేదాకా డబ్బు మీ బ్యాంకులోనే ఉంది, కాకపోతే మీ పేరు మీద లేదు. ఆ తర్వాత పది దాటేదాకా మీ అమ్మాయి బ్యాంకులో ఉంది, కాకపోతే ఇంకా అమ్మాయి పేరు మీద పడలేదు. లెక్క ప్రకారం మీరు కంగారు పడాల్సింది రాత్రి 11.30 దాటితేనే. హాయిగా భోంచేసి ఉండాల్సింది.

అయినా మీ అదృష్టం కొద్దీ ఇది ఇప్పుడు జరిగింది. నెఫ్ట్ 2005 నవంబరులో మొదలైంది. చాలా ఏళ్ళు అది పనిదినాల్లో, పగటివేళల్లోనే నడిచింది. 2019 డిసెంబరు 16 నుంచి రాత్రీ పగలూ, ఆదివారాలూ పండగలూ అని లేకుండా నడుస్తోంది. అంతకుముందైతే శనివారం రాత్రి కొట్టినది సోమవారం ఉదయం దాకా కదిలేది కాదు. సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకే గేటు దగ్గర నిలబడి మా కోసం ఎదురుచూసే ముఖాలు నాకు ఇప్పటికీ కళ్ళలో ఉన్నాయి.

ఇందులో మన హైదరాబాదు చెయ్యి కూడా ఉంది. బ్యాంకులన్నీ తమలో తాము భద్రంగా కబుర్లాడుకోవడానికి ఇన్‌ఫినెట్ అనే నెట్‌వర్కు 1999లో మొదలైంది. దాన్ని నిలబెట్టింది మాసబ్‌ట్యాంకులో ఉన్న ఐడీఆర్‌బీటీ. రిజర్వ్ బ్యాంకు 1996లో పెట్టిన సంస్థ అది. మీ అమ్మాయి ఆ రోడ్డు మీదుగా ఆఫీసుకి వెళ్తుంటే ఒకసారి ఆ బోర్డు చూడమనండి.

ఇక టీకొట్టు సంగతి. మీ మనవడు వాడింది యూపీఐ. 2016లో వచ్చింది. దాని కింద నడిచే పట్టాలు మాత్రం అంతకంటే పాతవి. 2010 నవంబరులో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ మొదలుపెట్టిన ఐఎంపీఎస్ దారి అది. ఇక్కడ పద్దుల వరస తిరగబడుతుంది. బ్యాచ్ కోసం ఆగరు. మీ మనవడి ఖాతాలో తగ్గించిన మరుక్షణం టీకొట్టు బ్యాంకుకి కబురు వెళ్తుంది, ఆ బ్యాంకు తన దగ్గరికి ఇంకా ఏమీ రాకపోయినా టీకొట్టాయనకి జమ వేసేస్తుంది, డబ్బా అరుస్తుంది. బ్యాంకుల మధ్య లెక్క ఆ తర్వాత, రోజులో కొన్ని విడతలుగా, రిజర్వ్ బ్యాంకు పుస్తకంలో సర్దుకుంటుంది. ఒక రకంగా బ్యాంకుకీ బ్యాంకుకీ మధ్య కొన్ని గంటల అరువు. అలాంటప్పుడు మొత్తానికి ఒక హద్దు ఉండడం సహజమే. ఐఎంపీఎస్‌లో ఒకసారికి 5 లక్షలు (2021 దాకా 2 లక్షలే ఉండేది). యూపీఐలో మామూలుగా మనిషికీ మనిషికీ రోజుకి లక్ష. మీ బ్యాంకు ఇంకా తక్కువ పెట్టుకుని ఉండొచ్చు కూడా.

మరి పెద్ద మొత్తం, అదీ వెంటనే వెళ్ళాలంటే? దానికే ఆర్టీజీఎస్. దీంట్లో కట్టలు లేవు, చెల్లుకు చెల్లు లేదు. ఏ పద్దుకా పద్దే. మీ కబురు చేరగానే రిజర్వ్ బ్యాంకు తన పుస్తకంలో మీ బ్యాంకుకి తగ్గించి ఆ బ్యాంకుకి కలిపేస్తుంది. అప్పటికప్పుడు ఖాయం. కబురు అందిన అరగంటలో ఆ బ్యాంకు ఖాతాదారుకి జమ వేయాలి. 2004 మార్చిలో వచ్చింది, 2020 డిసెంబరు 14 నుంచి ఇది కూడా రోజంతా నడుస్తోంది. కనీసం 2 లక్షలు ఉండాలి, పైన హద్దు లేదు. మీ మూడున్నర లక్షలు కూడా ఇలాగే పంపి ఉండొచ్చు. యాప్‌లో నెఫ్ట్ పక్కనే ఉంటుంది ఆ బటన్.

ఇప్పుడు ఇంటిపేరు. మీ భయంలో న్యాయం ఉంది, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

మీ కబురులో పేరు ఉంటుంది గానీ, ఆ పేరుని ఎవరూ చదవరు. అవతలి బ్యాంకు కంప్యూటరు చూసేది ఖాతా నెంబరు. ఇది ఏదో ఒక బ్యాంకు నిర్లక్ష్యం కాదు. నెంబరు ఒక్కటే చూసి జమ వేయొచ్చని, ఆ నెంబరు సరిగ్గా కొట్టే బాధ్యత పంపేవారిదేనని రిజర్వ్ బ్యాంకు 2010లోనే చెప్పింది. వినడానికి అన్యాయంగా ఉంటుంది. కానీ మీరు హాజరు పట్టీలు రాసినవారు, మీకు తెలియంది కాదు. పద్మ అనే ఒక్క పేరుకి ఇంగ్లిషులో ఎన్ని స్పెల్లింగులు? ఇంటిపేరు ముందు పెట్టేవారు, వెనక పెట్టేవారు, ఒక్క అక్షరానికి కుదించేవారు, పెళ్ళితో మార్చేవారు, మార్చనివారు. అక్షరం అక్షరం కలవాలని పట్టుబడితే మన రెండు రాష్ట్రాల్లో సగం డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. అందుకే మీ అమ్మాయికి ఏ ఇంటిపేరు పెట్టినా డబ్బు చేరింది. నెంబరులో ఒక్క అంకె తప్పి, ఆ తప్పు నెంబరు నిజంగా ఎవరిదో అయి ఉంటే, పైన అమ్మాయి పేరు ఎంత శుద్ధంగా రాసినా వాళ్ళకే పోయేది.

దీనికి ఈ మధ్యే ఒక మందు వచ్చింది. 2025 ఏప్రిల్ 1 నుంచి నెఫ్ట్, ఆర్టీజీఎస్ చేసేటప్పుడు మీరు ఖాతా నెంబరూ, శాఖని గుర్తించే ఐఎఫ్ఎస్ కోడూ కొట్టగానే ఆ ఖాతా ఎవరి పేరున ఉందో చూపించే ఏర్పాటు బ్యాంకులు పెట్టాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. దీనికి ఛార్జీ లేదు. శాఖకి వెళ్ళి చేసినా అడగొచ్చు. మీ ఫోన్ కూడా చూపించే ఉంటుంది. మనం ఏం చేస్తాం? కింద కనిపించే బటన్ నొక్కే తొందరలో పైన ఏముందో చదవం. అక్కడ మీరు కొట్టిన పేరు కాదు, బ్యాంకు చూపించిన పేరు చదవాలి. ఖాతాలో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉందన్న సంగతి మీకు అప్పుడే తెలిసి ఉండేది.

పేరు మీద నమ్మకం పెట్టుకుంటే ఏమవుతుందో నా అనుభవమే చెబుతాను, నవ్వుకోండి. ఇంతకాలం బ్యాంకులో పనిచేసినవాణ్ని, నాకే జరిగింది. నా ఫోన్లో డబ్బు పంపే జాబితాలో ఒకే పేరుగలవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు మేముండే ఇంటి ఓనరు, ఇంకొకరు ప్లంబరు. ఒకటో తారీఖున అద్దె 14,000 ప్లంబరుకి కొట్టాను. పది నిమిషాల్లో పట్టుకున్నాను, వెంటనే మా బ్యాంకుకి ఫోన్ చేశాను. అటు మనిషి ఒప్పుకుంటే తప్ప వెనక్కి తీసుకోలేమన్నారు. నేను కౌంటరు వెనక కూర్చుని వందలమందికి చెప్పిన మాట అది. మొదటిసారి కౌంటరు ఇవతల నిలబడి విన్నాను. ప్లంబరు మంచివాడే, ఇచ్చేస్తానన్నాడు. కానీ అతని ఖాతాలో బండి లోను వాయిదా బాకీ ఉందట. డబ్బు పడీ పడగానే ఆ బ్యాంకు 6,200 లాగేసుకుంది. మిగతాది అదే రోజు పంపాడు. ఆ 6,200 మాత్రం ఏడాది పొడుగునా కుళాయిలు బిగించి, వాటర్ ట్యాంకు కడిగి తీర్చాడు. ఆఖరి రోజున పానా సంచిలో వేసుకుంటూ చెల్లుకు చెల్లు సార్ అన్నాడు. అప్పట్నుంచీ నా జాబితాలో ప్రతి పేరు పక్కనా పని కూడా రాసుకుంటున్నాను.

అందుకే ఒక్కసారి వెళ్ళిన డబ్బు విషయంలో మీ బ్యాంకు చేతులు దాదాపు కట్టేసి ఉంటాయని గుర్తుంచుకోండి. మీ బ్యాంకు అవతలి బ్యాంకుకి రాస్తుంది, వాళ్ళు ఆ ఖాతాదారుని అడుగుతారు. ఇవ్వనంటే పోలీసులూ కోర్టూ. తప్పు తెలిసిన నిమిషంలోనే చెప్పడం వల్ల లాభం ఉంది, మనిషి డబ్బు వాడేయకముందే దొరుకుతాడు.

సరే, బిల్డరు 8 లక్షలు. ఆర్టీజీఎస్ చేయండి, వేరే ఆలోచన వద్దు. ఐఎంపీఎస్‌లో అంత వెళ్ళదు. రెండు ముక్కలు చేసి పంపడం ఎందుకు? నెఫ్ట్‌లో వెళ్తుంది గానీ మళ్ళీ మీకు అన్నం మానే రాత్రి ఒకటి ఎదురవుతుంది. అయితే ఆ రోజు ఉదయం కూర్చుని మొదలుపెట్టకండి. కొత్త ఖాతాని జాబితాలో చేర్చాక మొదటి రోజు పెద్ద మొత్తం పంపనివ్వని బ్యాంకులు చాలా ఉన్నాయి. యాప్‌కి రోజువారీ హద్దు కూడా ఉంటుంది. అది 8 లక్షల కంటే తక్కువేమో ముందే చూసుకోండి. తక్కువైతే చెక్కుబుక్కు పట్టుకుని శాఖకి వెళ్ళడమే. అక్కడ ఫారం రాసి ఇస్తే, 5 లక్షలు దాటిన ఆర్టీజీఎస్‌కి ఛార్జీ 49.50 రూపాయలు మించకూడదు, పైన జీఎస్టీ. ఎవరైనా అంతకంటే ఎక్కువ అంటే అడగండి.

ఖాతా చేర్చాక ముందు ఒక్క రూపాయి పంపండి. నెఫ్ట్‌లో కనీస మొత్తం అంటూ ఏమీ లేదు, రూపాయి కూడా వెళ్తుంది. బిల్డరు ఆఫీసుకి ఫోన్ చేసి పడిందా అని అడగండి. ఇక్కడొక జాగ్రత్త. ఆ ఫోన్ నెంబరు ఒప్పంద పత్రం మీద ఉన్నదై ఉండాలి. ఖాతా మారింది, ఈ కొత్త నెంబరుకి కట్టండి అని వాట్సాప్‌లోనో ఈమెయిల్లోనో చివరి రోజున వస్తే అస్సలు నమ్మొద్దు. ఆ మెసేజ్‌లో ఇచ్చిన నెంబరుకే ఫోన్ చేసి కనుక్కుంటే, మోసగాడినే పట్టుకుని నువ్వు మోసగాడివా అని అడిగినట్టు. ఇళ్ళూ ఫ్లాట్లూ కొనేవారి రక్షణకి వచ్చిన రెరా చట్టం ప్రకారం కొనేవాళ్ళ దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసం తెరిచిన ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. అందువల్ల ఏ ఖాతాకి కట్టాలో కాయితం మీద రాసి ఇమ్మని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

మీరు అడగలేదు గానీ ఇంకో మాట. ఆ 8 లక్షలు మీరు నేరుగా బిల్డరుకి పంపకుండా అమ్మాయికి పంపి, పైన చెప్పిన జాగ్రత్తలతోనే అమ్మాయి చేత కట్టించండి. రసీదూ ఖాతా స్టేట్‌మెంటూ కొనేవారి పేరునే ఉంటే లోను ఇచ్చే బ్యాంకు దగ్గర ప్రశ్నలు తక్కువ. పైగా ఫ్లాటు ధర 50 లక్షలో, అంతకు మించో అయితే కట్టే ప్రతి వాయిదాలో 1 శాతం అమ్మేవాళ్ళ ఆదాయపు పన్ను కింద పట్టి (టీడీఎస్ అంటారు) ప్రభుత్వానికి జమ చేయాల్సింది కొనేవాళ్ళే. తండ్రి ఒక వైపు, కూతురు ఒక వైపు కడుతుంటే ఆ లెక్క తప్పకుండా జారిపోతుంది.

పంపాక ఒక పొడవాటి నెంబరు వస్తుంది, దాన్ని మాత్రం చెరపకండి. యూటీఆర్ అంటారు. నెఫ్ట్‌కి 16 అక్షరాలు, ఆర్టీజీఎస్‌కి 22. ఐఎంపీఎస్‌కీ యూపీఐకీ అయితే 12 అంకెలు. మనియార్డరు రసీదు లాంటిది. డబ్బు పడలేదని అవతలి బ్యాంకుకి వెళ్తే మొదట అడిగేది ఇదే. డబ్బు పడింది, మీకే కనిపించలేదు అని తేల్చేదీ ఇదే.

ఎప్పుడైనా మీ ఖాతాలో తగ్గి, అటు పడక, ఫోన్లో పెండింగ్ అని కనిపిస్తే మళ్ళీ కొట్టకండి. నా అనుభవంలో కౌంటరు దగ్గరికి వచ్చిన గొడవల్లో చాలావాటికి మూలం ఆ రెండోసారి కొట్టడమే. మొదటిదీ వెళ్తుంది, రెండోదీ వెళ్తుంది. ఐఎంపీఎస్, యూపీఐల్లో అటు జమ కాకపోతే మరుసటి రోజు ముగిసేలోగా డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. రాకపోతే ఆపైన రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకు మీకు ఇచ్చుకోవాలి, 2019 నుంచి ఉన్న నిబంధన అది. కొట్లో కట్టింది కొట్టాయనకి అందినట్టు రాకపోతే ఆ గడువు ఐదు రోజులు. నెఫ్ట్ ఆలస్యమైతే రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు) మీద 2 శాతం కలిపి ఆ రోజులకి వడ్డీ ఇవ్వాలి. ఫిర్యాదు ఎప్పుడూ మీ బ్యాంకుకే ఇవ్వండి, రాతలో ఇవ్వండి, యూటీఆర్ వేసి ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, పైసా ఖర్చు లేదు. ఇదంతా పొరపాట్ల సంగతి. మోసం జరిగితే మాత్రం ఇవేవీ చూడకుండా ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నెంబరు 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మారేలోపు ఆపడానికి దొరికేది కొద్ది సమయమే.

చివరికి అక్కయ్యగారి ఆంధ్రా బ్యాంకు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఖాతా నెంబరు పాతదే నడుస్తుంది, మారింది ఐఎఫ్ఎస్ కోడ్. అది 11 అక్షరాలు ఉంటుంది: మొదటి నాలుగూ బ్యాంకు పేరుకి గుర్తు, ఐదోది ఎప్పుడూ సున్నా, చివరి ఆరూ శాఖకి గుర్తు. (ఆ ఐదో చోట సున్నాకి బదులు ఇంగ్లిషు ఓ అక్షరం కొట్టి, యాప్ పనిచేయడం లేదని శాఖకి వచ్చేవారు వారానికి ఇద్దరైనా ఉండేవారు.) అక్కయ్యగారి పాస్‌బుక్కులో ఏఎన్‌డీబీ అని మొదలయ్యే కోడ్ ఉండి ఉంటుంది. విలీనమయ్యాక ఒక ఏడాది పాటు పాత కోడ్లని నడవనిచ్చారు, తర్వాత ఆపేశారు. ఇప్పుడు యూబీఐఎన్ అని మొదలయ్యే కొత్త కోడ్ కావాలి. మీ కబురు ఎక్కడికెళ్ళాలో తెలియక యాప్ గుమ్మం దగ్గరే ఆపేసింది. ఆపింది కాబట్టి మీ డబ్బు కదలనే లేదు.

2017లో స్టేట్ బ్యాంకులో కలిసిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు పాస్‌బుక్కులు బీరువాల్లో దాచుకున్నవారిదీ ఇదే ఇబ్బంది. గ్రామీణ బ్యాంకుల్లో ఖాతాలున్నవారు కూడా ఒకసారి చూసుకోవాలి. ఆంధ్రలో నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్కటయ్యాయి. తెలంగాణలో అదే ఏడాది జనవరి 1న రెండు గ్రామీణ బ్యాంకుల శాఖలు ఒక గొడుగు కిందికి వచ్చాయి.

అక్కయ్యగారిని కొత్త చెక్కు కాయితం ఒకటి ఫోటో తీసి పంపమనండి, కోడ్ దాని మీద అచ్చయి ఉంటుంది. లేదంటే శాఖకి వెళ్ళి పాస్‌బుక్కు మార్చుకోమనండి. కోడ్ కొట్టాక తెర మీద ఆవిడ పేరు వస్తుంది. ఆవిడ ఇంటిపేరు ఏదై ఉంటుందో ముందే ఊహించి పెట్టుకోండి.